మోదుగువాడలో జానెడు వాన

ఎనిమిదిన్నరకు ఇంకా నాలుగు నిమిషాలుండగానే భూమన్న గొడుగు వేసుకుని బడి ఆవరణలోకి దిగాడు. దిగి, ముళ్లకంచె మధ్యనున్న వానమాపకం ముందు నిలబడి, చేతి గడియారం వంక చూస్తూ ఆ నాలుగు నిమిషాలూ కదలకుండా ఉండిపోయాడు. వాన కొలిచేవాడికి అదొక నియమం. ఊరు కొట్టుకుపోతున్నా ఎనిమిదిన్నరకు ముందు మూత తీయకూడదు. తరువాత తాత్సారం చేయకూడదు. నిన్న ఆ వేళ నుంచి ఇవాళ ఈ వేళ దాకా పడినదే ఇవాళ్టి వాన. భూమన్న ఆ బడిలో అటెండరు. గంట కొట్టడం, గదులు ఊడ్వడం, వాన కొలవడం, ఈ మూడు పనులనూ పంతొమ్మిదేళ్లుగా ఒకే శ్రద్ధతో చేస్తున్నాడు.

వరండాలో నిలబడి ఓంప్రకాశ్ అతణ్ని గమనిస్తున్నాడు. నలభై ఏడేళ్ల ఓంప్రకాశ్ కరీంనగర్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో వర్షపాతం మీద పనిచేస్తాడు. వానమాపకాలను ఒకసారి కళ్లారా చూసి, ఫొటో తీసి పంపమని పైనుంచి ఉత్తరం వస్తే, మొదటగా ఈ మోదుగువాడకు నిన్న మధ్యాహ్నం చేరుకున్నాడు. అతడు దిగిన బస్సే ఆఖరిది. ఆ వెంటనే వాన అందుకుంది. సాయంత్రానికి వాగు రోడ్డెక్కింది. బడి గదిలో బల్లల మీద పడుకుని, రేకుల మీద ఆ మోత వింటూ, తెల్లవార్లూ భయంతో కన్ను మూయలేదు. వాన అంత చప్పుడు చేస్తుందని అతనికి తెలియదు. ఇన్నేళ్లూ అతని గదికి వాన అంకెలుగానే వచ్చింది.

భూమన్న లోపలి సీసా తీసి, కొలగ్లాసులోకి వంచాడు. ఇరవై మిల్లీమీటర్ల గ్లాసు ఐదుసార్లు నిండింది; ఆరోసారి పదిహేను మీద కొంచెం.

"నూటపదిహేను పాయింటు నాలుగు, సారూ!" అని కేకవేసి, పుస్తకంలో రాసుకుని, ఆ అంకెను ఫోన్‌లో జిల్లాకు పంపించాడు.

ఓంప్రకాశ్ వెంటనే పక్క మండలాల వాళ్లకు ఫోన్ చేశాడు. తూర్పున రెండువందల ముప్ఫై ఎనిమిది, దక్షిణాన రెండువందల ఇరవై ఒకటి. ఇక్కడ నూటపదిహేను. మళ్లీ సగమే. అంత మోత మోగినా సగమే. తన వ్యాసం సరైనదే. అతని గుండె కుదుటపడింది.

మంథని దగ్గరి గోదావరి ఒడ్డు మొదలుకొని కాగజ్‌నగర్ అవతలి గుట్టల దాకా నలభై ఆరు వానమాపకాల అంకెలను అతడు పట్టికలుగా పేర్చాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏ ప్రాంతంలో ఎంత కురుస్తుంది, ఎక్కడికీ ఎక్కడికీ ఎంత తేడా అని తేల్చడం అతని పని. ఆ నలభై ఆరింటిలో మోదుగువాడ ఒక్కటే వింతగా తోచింది. మూడేళ్లుగా చుట్టుపక్కల కురిసినదానిలో సగం; అంతకు ముందరి అంకెలు అతడు చూడలేదు. ఊరికి పడమటనున్న గుట్టల వరుస మబ్బులను అడ్డుకుంటున్నదని నిర్ధారించి, తన గదిలో కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాడు. చక్కని రాత. ఆ రాతను చూసే మోదుగువాడ చెరువుకు వరద భయం లేదని పైవాళ్లు ఒప్పుకున్నారు. ఎన్నో ఏళ్లుగా రైతులు అడుగుతున్నది నెరవేరింది: చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద అడుగున్నర ఎత్తున సిమెంటు గోడ లేచింది. నిన్న సాయంత్రం చెరువు కింది రైతుల పెద్ద రాజం అతనికి నాటుకోడి కూరతో అన్నం పెట్టి, "మీ కాగితంతోటే మత్తడి లేసింది సారూ, మీ పేరు చెప్పుకొని రెండో పంట తింటున్నం" అని చేతులు పట్టుకున్నాడు.

ముఖం కడుక్కుందామని ఓంప్రకాశ్ బడి వెనక చేతిపంపు వైపు నడిచాడు. కంచె అవతలి వాకిట్లో డెబ్బై దాటిన పోశవ్వ, బర్రె ముందున్న తొట్టిలోకి ఒక నూనె డబ్బాను వంచబోతున్నది. పైమూత కోసేసిన నలుపలకల రేకు డబ్బా. అందులో సగానికి పైగా నీళ్లు.

"అవ్వా, ఆగు! పారబోయకు!"

ఎందుకు అరిచాడో అతనికే తెలియదు. పోశవ్వ డబ్బా దించి, నడుము మీద చేయి పెట్టుకుంది.

"ఏంది కొడుకా, వాననీళ్లకు గూడ పహరా పెట్టినవా?"

"ఈ డబ్బా నిన్నటి సంది ఎక్కడుండె?"

"గీడ్నే. నడి వాకిట్ల. నిన్న పొద్దుగాల బర్రెకు నీళ్లు పోసి ఖాళీది ఇడిసిపెట్టిన. చూరు కిందికి గుంజుదామంటే నడుము వంగద్దా?"

"మళ్లీ నువ్వేమన్న నీళ్లు పోసినవా ఇందుల?"

"ఊరంత నీళ్లయితే నేనెందుకు పోస్త బిడ్డా? నీకేమన్న రాత్రి జరం గిట్ల వచ్చిందా?"

ఓంప్రకాశ్ తల పైకెత్తి చూశాడు. డబ్బా ఉన్నచోట చూరు లేదు, కొమ్మ లేదు, తీగ లేదు, ఉన్నదంతా ఆకాశమే. భుజాన ఉన్న సంచిలోంచి ఉక్కు స్కేలు తీసి నిటారుగా ముంచాడు. ఇరవై మూడు సెంటీమీటర్లు. తుడిచి మళ్లీ ముంచాడు. ఇరవై మూడు.

గోడలు నిటారుగా ఉన్న ఏ పాత్రనైనా ఆరుబయట పెడితే, దాని నోరు ఎంత వెడల్పున్నా సరే, అందులో నిలిచిన నీటి లోతే పడిన వాన. ఇది అతడు కాలేజీలో మొదటి వారంలో నేర్చుకున్న సంగతి. ఇరవై మూడు సెంటీమీటర్లంటే రెండువందల ముప్ఫై మిల్లీమీటర్లు. భూమన్న పుస్తకంలో నూటపదిహేను.

అతడు వానమాపకం దగ్గరకు దాదాపు పరుగెత్తాడు. దాని నోటికి అడ్డంగా స్కేలు పెట్టాడు: పదకొండుంబావు సెంటీమీటర్లు. వరండాలో ఆరబెట్టిన కొలగ్లాసును తలకిందులు చేసి అడుగున చెక్కిన అంకె చదివాడు: రెండువందలు.

వానమాపకాలు రెండు కొలతల్లో వస్తాయి. చిన్నదాని నోటి వైశాల్యం నూరు చదరపు సెంటీమీటర్లు, పెద్దదానిది రెండువందలు. దేని గ్లాసు దానికే. పెద్దదాని గ్లాసుతో చిన్నదాని నీళ్లు కొలిస్తే కురిసినదానిలో సగమే కనిపిస్తుంది. ఈ ఊరిది చిన్నది. గ్లాసు పెద్దదానిది.

"భూమన్నా, ఈ గ్లాసు ఎక్కడిది?"

గొడుగు మడుస్తున్న భూమన్న చేతులు ఆగిపోయాయి. "ఏమైంది సారూ?"

"ఎక్కడిది అంటున్న."

"పాతది పలిగింది. కోతి దుంకి..." అని, తల దించుకున్నాడు. "కోతి ఎందుకు సారూ, నా చేతులకెళ్లే జారింది. మూడేండ్లాయె. నౌకరీ పోతదేమోనని మస్తు పరేషానయిన. చెన్నూరు దిక్కు మా షడ్డకుడు గిదే పని చేస్తుండె. ఆయన తాన మూలకొకటి పడున్నదంటే అడుక్కొచ్చుకున్న. గ్లాసు గ్లాసే గద? గీతలు గూడ ఒక్క తీర్గనే ఉండె."

"నువ్వు మూడేండ్ల సంది సగం వాన రాస్తున్నవు."

"సగమా?" భూమన్న ఆ గ్లాసు వంక చూశాడు. "మరి మీరు ఒక్కనాడన్న అడగకపోతిరి సారూ. మీరు పెద్దగ చదువుకున్నోళ్లు, తప్పుంటే పట్టుకుంటరు గద అనుకున్న."

నిజమే, పట్టుకోవలసింది ఓంప్రకాశే. ఏ గుట్టల వరుసైనా ఏటేటా, నెలనెలా, చినుకుకు చినుకు లెక్కన సరిగ్గా సగాన్నే అడ్డుకుంటుందా అని ఎనిమిదో తరగతి పిల్ల అడిగినా అడిగేది. అతనికి ఆ సగం అందంగా కనిపించింది. దానికి కారణం కూడా వెతికిపెట్టాడు.

"గట్లయితే ఇయ్యాల పడ్డది ఎంత సారూ?"

"రెండువందల ముప్ఫై."

భూమన్న తల తిప్పి ఉత్తరానికి చూశాడు. అక్కడ తాటిచెట్ల వెనక చెరువుకట్ట, కట్ట పాదాన కిందివాడ. నలభై ఇళ్లు. అందులో ఒకటి అతని కూతురు నవత అత్తగారిది. ఆమె ప్రసవించి పదకొండు రోజులైంది. భర్త దుబాయిలో ఉన్నాడు.

"మా నవత..." అన్నాడు భూమన్న.

ఓంప్రకాశ్ ఫోన్ తీసి జిల్లా వరద కంట్రోల్ రూముకు చేశాడు. అటువైపు అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సర్, మా దగ్గర మోదుగువాడ నూటపదిహేను ఎక్కింది. మీరు రెండువందల ముప్ఫై అంటున్నరు. అక్కడ చెరువుకు ఖతరా లేదని మీ రిపోర్టే ఉన్నది సర్, నేను దాన్నే చూస్తున్న." రిపోర్టు తప్పని చెప్పాడు. ఆమె పైవాళ్లకు చెప్తానంది. జేసీబీ పంపమంటే, వాగు తగ్గేదాకా ఏ బండీ అటు రాలేదంది. పెట్టేసింది.

అప్పుడు అతనికి ఇంకొక రకమైన భయం వేసింది. దాన్ని తలచుకుంటే తరువాత కూడా అతనికి సిగ్గుగా ఉండేది. కట్ట నిలవవచ్చు. నిలిస్తే ఈ గ్లాసు సంగతి ఎవరికీ తెలియనక్కరలేదు. మెల్లగా కొత్త గ్లాసు పంపించి, వచ్చే ఏడు పట్టికలో ఒక చిన్న సవరణ వేసుకోవచ్చు. ఈ ఆలోచన అతని తలలో ఎంతసేపు ఉన్నదో అతడు కొలవలేదు. భూమన్న చెప్పుల్లేకుండా వానలోకి దిగి కిందివాడ వైపు పోతుండడం చూసి, తానూ కదిలాడు.

ఓంప్రకాశ్ కట్ట ఎక్కాడు. చెరువు అతడు ఊహించుకున్న చెరువులా లేదు. గుట్టల దాకా ఎర్రగా పరచుకుని, ఉబ్బి, నడుమ ఎక్కడో చెట్ల తలలు మాత్రమే కనిపిస్తూ, చప్పుడు లేకుండా ఉన్నది. ఆ చప్పుడు లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది. కట్ట అంచుకూ నీటికీ మధ్య మూరెడు మిగిలింది. కొత్త గోడ మీద నుంచి నీళ్లు పలుచగా దుముకుతుంటే పదిమంది రైతులు వలలు పట్టుకుని నవ్వుతున్నారు. నడుమ గొంగడి కప్పుకుని రాజం.

"రాండ్రి సారూ, రాండ్రి! జల్లచాపలు మస్తు పడుతున్నయి. మధ్యాహ్నానికి పులుసు!"

"రాజన్నా, గోడ పలగ్గొట్టాలె. ఇప్పుడే."

రాజం విననట్టు చూశాడు. "ఏ గోడ?"

"మత్తడి మీది గోడ. కిందివాడను బడికి తీసుకపోవాలె. రాత్రి పడ్డది మనం అనుకున్నదానికి రెండింతలు."

పక్కనున్నవాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. "సారుకు మా గుడుంబ ఎవడన్న పోసిండార్రా?"

"నీయవ్వ, ఊకో," అని వాణ్ని కసిరి, రాజం దగ్గరకు వచ్చాడు. "సారూ, మీ రాతతోటి లేసిన గోడ ఇది. పదేండ్లు తిరిగినం ఆఫీసుల పొంటి. వాన తక్వ, ఫికర్ లేదని మీరే రాసిండ్రు. ఇయ్యాల మీరే పలగ్గొట్టుమంటరా? పలగ్గొడితే నీళ్లు పొయ్యేది నా నాలుగెకరాల మీదికెల్లి. నాటేసి పన్నెండు దినాలు."

"నేను రాసింది తప్పు."

"అహ! నిన్న పొద్దుమీకి కూడు తిన్నప్పుడు ఒప్పు, ఇయ్యాల పొద్దుగాల తప్పా? మా కోడి అరగలేదా సారూ?"

అందరూ నవ్వారు. ఓంప్రకాశ్ గ్లాసు గురించి చెప్పబోయాడు. నూరనీ, రెండువందలనీ, వైశాల్యమనీ మాటలు తడబడ్డాయి. తన నోటి నుంచి వస్తున్నవి తనకే పుస్తకంలో మాటల్లా వినిపించాయి. అప్పుడు వెనక నుంచి పోశవ్వ గొంతు వచ్చింది. నెత్తి మీద యూరియా సంచి కప్పుకుని, కర్ర పొడుచుకుంటూ, అతని వెంటే కట్ట ఎక్కినట్టున్నది.

"ఓరి రాజం, పండ్లిగిలిచ్చుడు బందుజెయ్యి. నా డబ్బల జానెడు నీళ్లున్నయి. నా కండ్లతోటి చూసిన. నువ్వు పుట్టిన్నాడు మీ అమ్మకు పురుడు వోసిన దాన్ని, నీకు అబద్ధం చెప్త?"

"నీ డబ్బల బర్రె ఎంగిలి నీళ్లున్నయేమోనే అవ్వా."

"నీ ఇంట్ల లేదా డబ్బ? పొయ్యి చూసుకోరాదు?"

ఆ మాట ఓంప్రకాశ్‌కు ఊపిరి పోసింది. "అవును. అందరూ పోయి చూడుండ్రి. వాకిట్ల, పొలంల, చూరు కింద కాకుండ, నిన్న పొద్దుగాలకు ఖాళీగ ఉన్న పాత్ర ఏదున్నా సరే. గోడలు నిటారుగ ఉండాలె. లోపల చెయ్యి పెట్టి కొలవుండ్రి. నా మాట నమ్మొద్దు."

ఇద్దరు కుర్రరైతులు వలలు పడేసి ఊళ్లోకి పరుగెత్తారు. రాజం బీడీ వెలిగించబోయి, తడిసిన అగ్గిపెట్టెను చెరువులోకి విసిరాడు. ఓంప్రకాశ్ నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పుల్ల చుట్టూ నీరు నిలకడగా ఉన్నట్టే ఉండి, చూపు తిప్పి మళ్లీ చూసేసరికి ఒక గరిక పోచ మునిగేది.

పావుగంటకు మొదటివాడు వచ్చాడు. దూరం నుంచే బొటనవేలూ చిటికెనవేలూ చాచి చేయి ఎత్తి చూపించాడు.

"మా మల్లేష్ పెదనాయినింట్ల పెయింటు డబ్బ. జానెడు!"

రెండోవాడు రొప్పుతూ వచ్చాడు. "బకీట్ల జానెడు మీద నాలుగేళ్లు."

"బకీటు వద్దు, దాని మూతి పెద్దగుంటది. ఇంకేం చూసినవు?"

"పాలోళ్లింట్ల మూత కోసిన డ్రమ్ము. జానెడు, ఏలు తక్వ."

ఇంకొక ఆడమనిషి కిందినుంచే అరిచింది. వాళ్ల సిమెంటు గోలెంలో జానెడు. ఒక్కొక్క చేయి అలా చాచి కనిపిస్తున్నకొద్దీ ఓంప్రకాశ్ మాటే నిజమవుతున్నది. ఆ నిజం అబద్ధమైతే బాగుండునని అతడు లోలోపల వేడుకుంటున్నాడు. వలలు పట్టుకున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇందాక గుడుంబ మాట అన్నవాడు మెల్లగా కట్ట నడుమకు జరిగాడు.

రాజం మాత్రం కదలలేదు. "సరే. జానెడు పడ్డది. ఐతేంది? మా తాత కాలం సంది నిలవడ్డ కట్ట ఇది."

"తాత కాలంల గోడ లేదు రాజన్నా. అడుగున్నర కిందికెల్లే నీళ్లు పోతుండె. గోడ నేను చెప్పిన వానకు కట్టింది."

రాజం ఏదో అనబోతుండగా, కట్ట కింది నుంచి భూమన్న కేక వినిపించింది. ఆ కేకలో మనిషి గొంతు తక్కువ.

"రాజన్నా! ఊట ఎర్రగొస్తుందే!"

కట్ట పాదాన ఏటా వానాకాలం ఒక చోట సన్నగా ఊట ఊరుతుంది. తేటగా ఉన్నంతకాలం దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఆడవాళ్లు అక్కడే గిన్నెలు తోముకుంటారు. రాజం జారుతూ, పడుతూ దిగాడు. ఓంప్రకాశ్ అతని వెనకే దిగాడు. పిడికిలంత రంధ్రం నుంచి నీళ్లు ఎర్రగా, చిక్కగా, ఉబికి ఉబికి వస్తున్నాయి. రాజం మోకాళ్ల మీద కూర్చుని దోసిట్లోకి పట్టాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాక అరచేతిలో మెత్తని మట్టి మిగిలింది. అది కట్ట లోపలి మట్టి. చెరువు కట్టను లోపలి నుంచి తింటున్నది.

ఓంప్రకాశ్ రాజం ముఖంలో భయం చూశాడు. అంతవరకు ఆ ఊళ్లో భయపడనివాడు ఒకడున్నాడన్నదే అతనికి ఆసరా.

"గడ్డపారలు తేండ్రి," అన్నాడు రాజం నెమ్మదిగా. తరువాత గొంతు చించుకుని, "గడ్డపారలు, సమ్మెటలు, ఉన్నయన్ని తేండ్రి రా! కిందివాడల ఒక్క మనిషి ఉండద్దు!"

మొదటి దెబ్బ అతడే వేశాడు. ఆ గోడకు కొబ్బరికాయ కొట్టినవాడూ అతడేనట. సిమెంటు గట్టిది, నలుగురు మార్చి మార్చి కొడితే గానీ పగులు రాలేదు.

ఓంప్రకాశ్‌కు సమ్మెట ఎత్తే బలం లేదు. భూమన్నతో కిందివాడకు వెళ్లాడు. కట్ట కింద నిలబడితే పైన వినిపించనిది వినిపించింది: మట్టిలోంచి, అరికాళ్ల గుండా వస్తున్న సన్నని హోరు. ప్రతి ఇంటి ముందూ అతడు ఒకే మాట చెప్పాడు, బడికి నడవండి, ఏదీ తీసుకోవద్దు. కొందరు కదిలారు, కొందరు బియ్యం మూట కోసం, కోళ్లగంప కోసం వెనక్కి తిరిగారు. తలుపు తలుపుకూ పోతున్నంతసేపూ అతని మెడ కట్ట వైపే తిరిగి ఉన్నది. పారిపోవాలని కాళ్లు లాగుతున్నాయి. ఇంకొక ఇల్లు, ఇంకొక్కటి అని తనకు తాను చెప్పుకుంటూ నడిచాడు.

నవత ఇంటి ముందు భూమన్న వియ్యపురాలితో తగాదా పడుతున్నాడు. ఆమె గడపకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"బాలెంతను ఇరువై ఒకటో దినం దాంక వానల దింపుతరా ఎవరన్న? పసిగుడ్డుకు గాలి తాకితే నీ కాగితాల సారు బతికిస్తడా?"

"కట్ట తెగుతుందక్కా! నీ కాళ్లు మొక్కుత!"

లోపల మంచం మీద నవత బిడ్డను ఎదకు హత్తుకుని, తండ్రినీ అత్తనూ మార్చి మార్చి చూస్తున్నది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఆమె కళ్లు చివరకు ఓంప్రకాశ్ మీద ఆగాయి.

"నిజంగనే తెగుతదా సారూ?"

అతడు అబద్ధం చెప్పాలనుకున్నాడు. తెగుతుందని చెప్తే ఆమె లేస్తుంది. "నాకు తెల్వదమ్మా," అన్నాడు. "నాకు మస్తు భయమైతుంది."

నవత లేచి నిలబడింది. అప్పటికి పోశవ్వ అక్కడికి చేరుకుని, వియ్యపురాలిని భుజంతో పక్కకు నెట్టేసింది. "జరుగే! నీ కొడుకును గీ చేతులతోనే బయటికి తీసిన. ఆనాడు గిట్లనే వాన." బిడ్డను పాతచీర ముక్కలో చుట్టి, తన రొమ్ముకు ఆనించి, పైనుంచి గొంగడి కప్పుకుని నడిచింది. నవత తండ్రి భుజం పట్టుకుని వెనకే బయలుదేరింది. అత్త తిడుతూనే, తాళం వేయడం మరిచి, వాళ్ల వెంట వచ్చింది.

వాళ్లు బడి ఉన్న చిన్న గుట్ట ఎక్కుతుండగా పెద్ద చప్పుడయింది. ఓంప్రకాశ్ కళ్లు మూసుకుని అక్కడే కూలబడ్డాడు. అయిపోయిందనుకున్నాడు. తెరిచి చూస్తే మత్తడి వైపు నీళ్లు ఇంత ఎత్తున ఎగిసి, పచ్చని పొలాల మీదికి దూకుతున్నాయి. కూలింది గోడ. కట్ట అలాగే ఉన్నది.

పన్నెండున్నరకు వాన వెలిసింది. మూడు గంటలకు చెరువు జానెడు దిగింది. బడి నాలుగు గదుల్లోనూ, వరండాలోనూ జనం. నవత బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. భయం తగ్గుతున్నకొద్దీ మాటలు పెరిగాయి. ఎండ పొడ కూడా కనిపించేసరికి కొందరు లేచి నిలబడ్డారు.

"ఏం కాకపాయె. ఉత్తగ గుంజుకొచ్చిండ్రు."

"నా పొయ్యి మీద పప్పు అట్లనే ఉన్నది. బర్లకు మేత లేదు. పోదాం పాండ్రి."

"రాజన్న పొలం ఆగమాయె. నాలుగెకరాలు ఇసుక మేటేసింది. ఎవని మాటిని చేసిండో, పాపం."

ఓంప్రకాశ్ ఇవన్నీ వింటూ లేచి, కట్ట కిందికి వెళ్లాడు. ఊట దగ్గర రాజం ఒంటరిగా కూర్చున్నాడు. అతని అరచేతులు పొక్కిలిపోయి ఉన్నాయి. నీళ్లు వస్తున్నాయి, పొద్దుటంత ఉధృతంగా లేవు.

"జనం దిగుతమంటున్నరు," అన్నాడు ఓంప్రకాశ్.

"ఇన్న." రాజం తల ఎత్తలేదు. "ఒక్క ముచ్చట చెప్పుండ్రి సారూ. గోడ పలగ్గొట్టకపోయినా కట్ట నిలవడుతుండెనా?"

"తెల్వదు."

"నా పొలం ఉత్తగనే పోయిందో, పనికొచ్చి పోయిందో గూడ తెల్వదా?"

"తెల్వదు రాజన్నా. ఎవరూ చెప్పలేరు."

పైనుంచి గడ్డపెళ్ల ఒకటి జారి నీళ్లలో పడితే ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడి లేచారు. అది గడ్డపెళ్లే.

"గీ 'తెల్వదు' అనేది ఆ పద్నాలుగు పేజీలల్ల ఏడన్న ఒక్కకాడ రాసుంటిరా?" అన్నాడు రాజం. కోపం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"రాయలే."

ఓంప్రకాశ్ వంగి దోసిట్లోకి ఊటనీళ్లు పట్టాడు. నీళ్లలోంచి అరచేతి గీతలు కనిపిస్తున్నాయా, లేదా అని చూశాడు. కనిపిస్తున్నట్టే ఉన్నాయి. వెలుతురు వైపు తిప్పితే మసకగా ఉన్నది. రాజం కూడా పట్టి చూశాడు; తేటబడ్డదని ఒకసారి, ఇంకా ఎరుపే ఉన్నదని ఒకసారి అన్నాడు. పడమటి గుట్టల మీద మబ్బు మళ్లీ నల్లబడుతున్నది. అక్కడ ఇప్పుడు ఎంత కురుస్తున్నదో చెప్పే కొలత ఆ గుట్టల మీద ఒక్కటీ లేదు. ఇక మిగతా నలభై అయిదు ఊళ్లలో ఏ గ్లాసు దేనిదో, ఏ చెరువు మీద ఏ గోడ లేచిందో తలచుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు. ముందు ఈ నలభై ఇళ్లు.

బడి గుట్ట నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని మొదటి వరుస దిగి వస్తున్నది. ముందు నడుస్తున్నది నవత అత్త.

ఓంప్రకాశ్ బాట నడుమకు వెళ్లి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"కట్ట నిలబడుతదో లేదో నాకు తెల్వదు," అన్నాడు గట్టిగా. "తెలిసేదాక ఎవరూ దిగొద్దు."

"ఇంకెన్ని దినాలు కూసోవాలె? నువ్వు పెడతవా కూడు?" అని ఆమె అరిచింది. వెనక ఎవరో బూతు తిట్టారు. వరుస ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

రాజం ఊట దగ్గర నుంచి లేచి వచ్చి, అతని పక్కన బాటకు అడ్డంగా నిలబడ్డాడు.